దొంగ ఎత్తుకుపోలేనివి: సిథియన్ సమాధుల్లో హోదాను ఎలా చదవాలి

మీరు అడిగింది ఇది: సిథియన్లకు సొంత రాత లేదు, మిగిలినవి ఎక్కువగా మట్టిదిబ్బల కింద సమాధులే. మరి వాళ్లలో ఇతను రాజు, ఇతను దొర, ఇతను సేవకుడు అని అంత ధీమాగా ఎలా చెబుతారు? బంగారం ఉంటే రాజు, లేకపోతే సామాన్యుడు, ఇంతేనా? మన వర్ణాల్లాగా వాళ్లలోనూ మూడు తరగతులు ఉండేవంటారు, దానికి సమాధుల్లో రుజువు ఉందా?

ముందు నా సంగతి చెప్పేస్తాను. నేను ఇరవై ఏళ్లకు పైగా తవ్వకాల్లో ఉన్నాను, అదీ ఎక్కువగా తెలంగాణ పల్లెల్లో, జనం రాకాసి గుళ్లు అని పిలిచే పెద్దరాతి సమాధుల దగ్గర. సిథియన్ దిబ్బ మీద నేను పార వేయలేదు. కానీ సమాధిని చూసి మనిషి హోదా చెప్పే పద్ధతులు నేర్చుకునేటప్పుడు అందరం తిరిగి తిరిగి చేరేది ఆ దిబ్బల దగ్గరికే. ఇంకో మాట. మేం ఏ ఊళ్లో గొయ్యి తీసినా సాయంత్రానికి ఒక పెద్దాయన వచ్చి గట్టు మీద కూర్చుని, బీడీ ముట్టించి, "లంకెబిందెలేమైనా దొరికినయా సారూ?" అని అడగకుండా పోడు. పందొమ్మిదో శతాబ్దంలో సిథియన్ దిబ్బలు తవ్వించిన చదువుకున్నవాళ్లు అడిగిందీ దాదాపు అదే. మీ ప్రశ్నలో ఉన్న చిక్కు అక్కడే మొదలైంది.

పేరు గురించి రెండు ముక్కలు. అసలు సిథియన్లు అంటే నల్ల సముద్రానికి ఉత్తరాన, నేటి ఉక్రెయిన్ మైదానాల్లో ఉన్నవాళ్లు. గ్రీకులు వాళ్లను స్కుథాయ్ అన్నారు. పర్షియన్లు గడ్డిమైదానాల గుర్రపు జాతులన్నిటినీ కలిపి 'సక' అన్నారు. మన శకులు, శాలివాహన శకంలోని 'శకం', నాసిక్ శాసనంలో గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించాడని చెప్పిన శకులు, అన్నీ ఆ మాట నుంచే. అలాగని ఉక్రెయిన్ దిబ్బలో కనిపించిన పద్ధతిని తెచ్చి ఉజ్జయినిని ఏలిన శక రాజులైన క్షత్రపులకు అంటగట్టకూడదు. సైబీరియాలో తువా, ఆల్టాయ్ సమాధులను కూడా జాగ్రత్తగానే కలపాలి. వస్తువుల తీరు ఒకటే, గుర్రపు జీను ఒకటే, జంతువుల బొమ్మలూ ఒకటే. అంతమాత్రాన రాజ్యం ఒకటి కాదు.

ఇక అసలు విషయం. ఆ దిబ్బల్లో చాలావాటిని పాతకాలంలోనే దోచుకున్నారు. కొన్నిటిని పూడ్చిన కొద్ది ఏళ్లకే, దారి తెలిసినవాళ్లే తవ్వి ఉంటారు. ఉక్రెయిన్‌లో నికోపోల్ దగ్గరి చెర్తొమ్లిక్ దిబ్బను 1862–63లో ఇవాన్ జబేలిన్ తవ్వినప్పుడు, దొంగల సొరంగంలో మట్టి కూలి చచ్చిపోయిన ఒక దొంగ ఎముకలు కూడా బయటపడ్డాయి. కాబట్టి ఒక సమాధిలో బంగారం లేదంటే ఆ మనిషి బీదవాడని అర్థం కాదు, దొంగ పని బాగా చేశాడని కూడా అర్థం కావచ్చు. సమాధులను బంగారం లెక్కన వరసలో పెడితే చివరికి వచ్చేది సిథియన్ సమాజపు మెట్లు కావు, దొంగల అదృష్టం.

దీనికి మంచి ఉదాహరణ ఉక్రెయిన్‌లోనే ఉన్న సొలోఖా దిబ్బ. నికొలాయ్ వెసెలోవ్‌స్కీ 1912–13లో తవ్వాడు. మధ్యలోని సమాధి దోపిడీకి గురైంది. పక్కన తవ్విన రెండో సమాధికి దొంగలు చేరలేదు. ముగ్గురు యోధులు పోరాడుతున్న ఆ ప్రసిద్ధమైన బంగారు దువ్వెన, ఇప్పుడు హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నది, అక్కడిదే. కజక్‌స్తాన్‌లో ఆల్మటీ దగ్గర 1969లో కెమాల్ అకిషెవ్ బయటపెట్టిన ఇస్సిక్ 'బంగారు మనిషి' కథ కూడా ఇదే. నాలుగు వేల దాకా బంగారు ముక్కలు కుట్టిన బట్టలు, నిటారుగా నిలబడ్డ టోపీ. అతనిదీ పక్క సమాధే. మధ్య సమాధిని దోచేశారు. పక్కన పడుకున్నవాడికే అంత బంగారం ఉంటే మధ్యలో ఎవరు ఉండేవారో ఆలోచించండి. జనం నోట్లో మాత్రం 'బంగారు మనిషి' యువరాజు అయిపోయాడు. ఎముకలు ఆడమనిషివి కావచ్చన్న వాదన కూడా ఉంది, అది వేరే తగువు.

అందుకే నేను విద్యార్థులకు చెప్పేది: దొంగ ఎత్తుకుపోలేనివి ముందు చూడండి. దిబ్బ, గొయ్యి, గుర్రాలు, తిండి ఎముకలు, మనుషుల ఎముకలు. బంగారం చివర.

దిబ్బతో మొదలుపెడదాం. ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను. రెండు మీటర్ల ఎత్తు, ఇరవై మీటర్ల వెడల్పు ఉన్న దిబ్బను శంకువు అనుకుంటే మట్టి సుమారు 210 ఘనపు మీటర్లు. ఒక మనిషి రోజుకు ఒక ఘనపు మీటరు తవ్వి, మోసి, వేయగలడనుకుంటే ఇరవై మంది పదీ పదకొండు రోజుల్లో ముగిస్తారు. అంటే బంధువులు, ఇరుగుపొరుగు చాలు. ఇప్పుడు ఇరవై మీటర్ల ఎత్తు, వంద మీటర్ల వెడల్పు తీసుకోండి. చెర్తొమ్లిక్, సొలోఖా ఈ కోవలోవి. మట్టి 52 వేల ఘనపు మీటర్లు దాటుతుంది. వెయ్యి మంది పెట్టినా యాభై రోజుల పైమాటే. ఎత్తు పదింతలే, పని మాత్రం 250 రెట్లు. వెయ్యి మందిని యాభై రోజులు మందల దగ్గర నుంచి రప్పించి, తిండి పెట్టి, పని చేయించగలిగిన చెయ్యి ఏదో అక్కడ ఉంది. అది వట్టి ధనవంతుడి చెయ్యి కాదు.

పైగా ఇది ఊరికే పోసిన మట్టి కాదు. పెద్ద దిబ్బల్లో గడ్డి వేళ్లతో సహా పచ్చిక గడ్డలు కోసి, ఇటుకలు పేర్చినట్టు పేర్చారు. మేత మీద బతికే జాతి అంత మేర పచ్చికను ఒక మనిషి కోసం కోసి పడేసిందంటే దాని ఖరీదు వాళ్లకే తెలుసు.

ఇక్కడ రెండు మోసాలు ఉన్నాయి. ఒకటి, ట్రాక్టర్లు దున్నీ దున్నీ దిబ్బల ఎత్తు తగ్గిపోయింది. అందుకే ఇప్పటి ఎత్తును నమ్మకుండా చుట్టూ తీసిన కందకం వ్యాసం కొలుస్తారు. రెండోది, ఒకే దిబ్బలో తరవాత ఇంకొకరిని పెట్టినప్పుడు మళ్లీ మట్టి పోస్తారు. ఆ మొత్తాన్ని మొదటివాడి ఖాతాలో రాయకూడదు. ఇంకా పాతదైన కంచుయుగపు దిబ్బను వాడుకున్న చోట్లయితే కింది సగం అసలు వీళ్లదే కాదు.

తరవాత కందకంలో ఎముకలు. ఉక్రెయిన్‌లో పొక్రోవ్ పట్టణం దగ్గర తొవ్‌స్తా మొహిలా అనే దిబ్బను బొరిస్ మొజొలెవ్‌స్కీ 1971లో తవ్వాడు. కిలోకు పైగా బరువున్న బంగారు కంఠాభరణం దొరికిన దిబ్బ అదే. మధ్య సమాధిని దోచిన దొంగలు దాన్ని చూడకుండా పోయారు, అది లోపలికి వెళ్లే దారిలో ఉండిపోయింది. ఫొటోల్లో అందరూ చూసేది ఆ ఆభరణాన్నే. నాకు మాత్రం ఆ కందకమే ముఖ్యం. అందులో చావు విందులో తిని పారేసిన ఎముకలు, ద్రాక్షసారా జాడీల పెంకులు గుట్టలుగా దొరికాయి. గుర్రాలు, అడవిపందులు, దుప్పులు. మాంసం లెక్క కడితే వెయ్యి మందికి పైగా తిన్నారని తేలింది. మన దగ్గర పెద్ద దినానికి ఎన్ని విస్తళ్లు లేచాయో చెప్పి ఇంటి పరపతి కొలిచినట్టే ఇది. విస్తళ్ల లెక్కను ఏ దొంగా మార్చలేడు.

ఆ జాడీలు ఇంకో మేలు కూడా చేస్తాయి. అవి గ్రీకు ఊళ్ల నుంచి వచ్చిన ద్రాక్షసారా జాడీలు. చాలావాటి పిడుల మీద తయారీ ముద్ర ఉంటుంది. ఆ ముద్రలను బట్టి సమాధి కాలాన్ని కొన్ని దశాబ్దాల తేడాలోకి తెచ్చుకోవచ్చు. అలా తెస్తే తేలిందేమిటంటే, ఈ మహా దిబ్బలన్నీ క్రీ.పూ. నాలుగో శతాబ్దంలోనే గుంపుగా వస్తాయి. సిథియన్ రాజుల అంత్యక్రియలను వర్ణించిన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ క్రీ.పూ. అయిదో శతాబ్దం వాడు. అంటే ఆయన మాటలూ మన దిబ్బలూ ఒకే కాలానివి కావు. ఈ ఒక్కటి మరిచిపోయి రాసిన వ్యాసాలు బోలెడు.

నాలుగో శతాబ్దంలోనే ఎందుకు? నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. గ్రీకు రేవులతో ధాన్యం వ్యాపారం పెరిగి కొన్ని ఇళ్లకు సొమ్ము విపరీతంగా చేరింది. అదే సమయంలో ఎవరిది పైచేయి అన్న పోటీ తెగలేదు. క్రీ.పూ. 339లో మాసిడోనియా రాజు ఫిలిప్‌తో పోరాడి చచ్చిపోయిన అతేయాస్‌కు అప్పటికి తొంభై దాటాయంటారు. అలాంటి ముసలి రాజు కింద వారసులు, దొరలు ఒకరికొకరు తమ పెద్దరికం చూపించుకోవాల్సిన రోజులు అవి. అధికారం గట్టిగా కుదురుకున్న ఇల్లు ప్రతి చావుకీ కొండ కట్టక్కర్లేదు. కాబట్టి పెద్ద దిబ్బను చూసి 'ఇతను తిరుగులేని రాజు' అనడం కన్నా 'ఇతని కొడుకులకు టెన్షన్ ఎక్కువ' అనడం ఒక్కోసారి నిజానికి దగ్గర. సమాధి కట్టేది బతికున్నవాళ్లు. వాళ్ల అవసరాలే అందులో ముందు కనిపిస్తాయి.

గుర్రాల దగ్గరికి వద్దాం. ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే చూస్తే చాలదు. చెర్తొమ్లిక్‌లో పదకొండు గుర్రాలు, కొన్నిటికి బంగారు సామగ్రి, కొన్నిటికి వెండి. అంటే గుర్రాల్లోనే మెట్లు. ఆల్టాయ్ కొండల్లో పజిరిక్ మొదటి దిబ్బను మిఖాయిల్ గ్ర్యాజ్‌నోవ్ 1929లో తవ్వాడు. మంచులో గడ్డకట్టిపోవడం వల్ల గుర్రాల చర్మం, చెవులు సహా మిగిలాయి. పది గుర్రాలు. ఒక్కొక్కదాని చెవికి ఒక్కో రకం గాటు. మన దగ్గర కూడా మంద కలిసిపోతే గుర్తుపట్టడానికి గొర్రె చెవికి గాటు పెడతారు కదా, అలాంటిదే. పది గాట్లు అంటే పది మంది యజమానులు. ఆ గుర్రాలు చనిపోయినవాడి సొంతం కావు, పది ఇళ్ల నుంచి వచ్చిన కానుకలు అని గ్ర్యాజ్‌నోవ్ చెప్పాడు. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా నచ్చిన వాదన ఇది. ఒక చెవి గాటు చూసి ఒక మనిషికి ఎంతమంది తలవంచేవారో చెప్పడం!

అదే గ్ర్యాజ్‌నోవ్ 1971–74లో తువాలో అర్జాన్ ఒకటో దిబ్బను తవ్వాడు. క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దం చివర, ఎనిమిది మొదలు. చక్రంలాగా దుంగలతో కట్టిన దాదాపు డెబ్భై గదులు, 160 గుర్రాలు. గుర్రాలు గుంపులు గుంపులుగా, ఒక్కో గుంపు కళ్లెం తీరు ఒక్కోలా. ఇక్కడా ఆయన అర్థం చెప్పుకున్నది అదే: వేర్వేరు తెగలు తమ తమ గుర్రాలను తెచ్చి ఇచ్చాయి. బంగారం దోచుకుపోయినా ఒక కూటమి రూపం కళ్లకు కడుతుంది.

మనుషుల సంగతి కొంచెం కష్టమైనది. హెరోడోటస్ ప్రకారం రాజుతో పాటు ఉంపుడుగత్తె, గిన్నె అందించేవాడు, వంటవాడు, గుర్రాలవాడు, సేవకుడు, వార్తాహరుడు, వీళ్లను గొంతు నులిమి పూడ్చేవారు. తవ్వకాల్లో ఇది చాలావరకు నిజమని తేలింది. సొలోఖా పక్క సమాధిలో దొరతో పాటు ఆయుధాలున్న ఒక అనుచరుడు, ఒక సేవకుడు, బయట అయిదు గుర్రాలు, వాటి దగ్గర ఒక మనిషి. కానీ ఆ పక్క మనుషులను 'బానిసలు' అని రాసేయడం తొందరపాటు. హెరోడోటస్సే చెబుతాడు: రాజును సేవించేవాళ్లు సిథియన్లే, డబ్బు పెట్టి కొన్నవాళ్లు కారు. కొందరికి ఒంటి మీద నగలు, ఆయుధాలు ఉన్నాయి. రాజు గదిలో పడుకునే హక్కు, అది ఎంత భయంకరమైనదైనా, ఆ లోకంలో ఒక హోదాయే కావచ్చు. అర్జాన్‌లో రాజు చుట్టూ వేరే దుంగపెట్టెల్లో పడుకున్నవాళ్లు వయసు మళ్లిన మగవాళ్లు. వాళ్లను నౌకర్లు అనడానికి నాకు నోరు రాదు.

మరి ఎవరు సేవకుడో ఎలా తేలుస్తారు? పడుకున్న చోటు చూస్తారు. తల వైపా, కాళ్ల వైపా, గుమ్మం దగ్గరా. తనకంటూ గొయ్యి ఉందా, లేక ఇంకొకరి గదిలో మూల దొరికిందా. ఒకేసారి పూడ్చారా, తరవాత తెచ్చారా. ఇవన్నీ మట్టి పొరల్లో కనిపిస్తాయి, పాత తవ్వకాల్లో మాత్రం ఆ పొరలను చూడకుండా పారతో దూసుకుపోయారు.

హెరోడోటస్‌ను ఎంతవరకు నమ్మాలన్నదానికి ఒక చిన్న చిత్రమైన కొలత ఉంది. రాజుల సమాధుల్లో వెండి, కంచు పెట్టరు, బంగారు గిన్నెలే అంటాడాయన. చెర్తొమ్లిక్‌లో దొరికిన అతి గొప్ప వస్తువే ఒక వెండి జాడీ. అది తప్పు. సిథియన్లు శత్రువుల చర్మంతో అంబులపొది కప్పుకుంటారంటాడు. అది కట్టుకథ అని చాలామంది నవ్వారు. 2023లో ఉక్రెయిన్ సమాధుల తోలు ముక్కలను ప్రొటీన్ పరీక్షలు చేస్తే నలభై అయిదు నమూనాల్లో రెండు మనిషి చర్మం. మిగతావి గొర్రె, మేక, ఆవు, గుర్రం. సగం వదిలేసి సగం నమ్మే పద్ధతి కుదరదు, వాక్యం వాక్యం విడిగా పరీక్షించాలి.

పుట్టుకతో వచ్చిన హోదానా, సంపాదించుకున్నదా అన్నదానికి పిల్లల సమాధులే గట్టి సాక్ష్యం. తొవ్‌స్తా మొహిలా పక్క సమాధి దోపిడీకి గురికాలేదు. అందులో ఒక యువతి, ఆమె పక్కన రెండేళ్ల పసిపిల్లవాడు. పిల్లవాడికి కూడా బంగారు నగలు, చుట్టూ సేవకులు. రెండేళ్లవాడు ఏ యుద్ధం గెలుస్తాడు, ఏ మంద సంపాదిస్తాడు? ఆ హోదా ఇంటిపేరుతో వచ్చింది. ఇలాంటి ఒక్క సమాధి పది మంది వీరుల సమాధుల కన్నా ఎక్కువ చెబుతుంది.

కత్తి ఉంటే మగ, అద్దం ఉంటే ఆడ అన్న పాత సూత్రం ఇప్పుడు పోయింది. తువాలో సరిగ్-బులున్ దగ్గర 1988లో దొరికిన ఒక బాల యోధుడు, గొడ్డలి, విల్లు, అంబులు పక్కన పెట్టుకున్నవాడు, 2020లో డీఎన్‌ఏ పరీక్షలో పదమూడేళ్ల లోపు అమ్మాయి అని తేలింది. ముప్పై ఏళ్లు మనం ఆ పిల్లను అబ్బాయి అనుకున్నాం. రష్యాలో వొరొనెజ్ దగ్గర దేవిత్సా దిబ్బల్లో 2019లో ఒకే గదిలో నలుగురు ఆడవాళ్లు దొరికారు, చిన్నది పన్నెండు పదమూడేళ్లది, పెద్దామె నలభై అయిదు దాటినది, పెద్దామె తల మీద బంగారు పలకల కిరీటం, గదిలో ఆయుధాలు. పాత నివేదికల్లో 'యోధుల తరగతి' జాబితా చూసినప్పుడల్లా ఇది గుర్తుపెట్టుకోండి.

నగల విషయంలోనూ బరువు కన్నా పదార్థం ఎక్కువ చెబుతుంది. పజిరిక్ జనంలో మెడ కంటె దాదాపు అందరికీ ఉంది. పెద్ద దొరలకు అసలు లోహం, సామాన్యులకు కొయ్యతో చేసి పైన బంగారు రేకు అంటించింది. మన రోల్డ్‌గోల్డ్ అనుకోండి. నకలు కొట్టే హక్కు, కోరిక కింది మెట్టు వరకు ఉంది, అసలు మాత్రం పైవాళ్లదే. ఆల్టాయ్‌లోనే 1993లో నటాలియా పొలొస్మాక్ ఉకోక్ పీఠభూమిపై బయటపెట్టిన పచ్చబొట్ల యువతిని పత్రికలు 'రాకుమారి' అన్నాయి. ఆరు గుర్రాలు, పట్టు చొక్కా ఉన్నాయి నిజమే, కానీ దిబ్బ చిన్నది, నగలు రేకు అంటించిన కొయ్యవి. పొలొస్మాక్ ఆమెను రాకుమారి అనలేదు. ఏదో ప్రత్యేక విద్య వల్ల గౌరవం పొందిన మనిషి అనుకోవడమే సబబు.

ఇక సామాన్యులు. వీళ్ల గురించి సినిమా రాదు కాబట్టి ఎవరూ అడగరు. ఉక్రెయిన్‌లో ద్నీపర్ నది దగ్గర మమాయ్-గొరా లాంటి శ్మశానాల్లో చిన్న చిన్న దిబ్బలు. ఒక మాంసపు తుంట, దాని పక్కన ఇనుప కత్తి, కొన్ని బాణపు ములుకులు. ఆ మాంసం, కత్తి జోడీ రాజు దగ్గరా ఉంది, వీళ్ల దగ్గరా ఉంది. ఈ మధ్య ఇక్కడి పళ్లు, ఎముకల్లో తిండి, నీళ్లు వదిలిన రసాయన గుర్తులు (ఐసోటోపులు) చూస్తే చాలామంది పుట్టిన చోటికి దగ్గరలోనే బతికారని, కొర్రల జాతి చిరుధాన్యాలు బాగా తిన్నారని తేలింది. అంటే 'సిథియన్లంతా గుర్రాల మీద తిరిగే సంచారులు' అన్న బొమ్మ పైవాళ్లు తమ సమాధుల్లో తమ గురించి వేయించుకున్న బొమ్మ. కింద జొన్నకో సజ్జకో చేను చూసుకునే మనుషుల్లాంటివాళ్లే ఎక్కువ.

మీ చివరి ప్రశ్న, మూడు తరగతులు. దానికి మూలం హెరోడోటస్ చెప్పిన ఒక పుట్టుక కథ. ఆకాశం నుంచి బంగారు నాగలి, కాడి, గొడ్డలి, గిన్నె పడ్డాయి. ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దవాళ్లు దగ్గరికి పోతే అవి మండాయి, చిన్నవాడు కొలక్సాయిస్ తీసుకోగలిగాడు, రాజయ్యాడు. నాగలి రైతుకు, గొడ్డలి యోధుడికి, గిన్నె పూజారికి గుర్తు అని, మన వర్ణాలతో పోల్చి ఫ్రెంచి పండితుడు జార్జ్ ద్యుమెజిల్ పెద్ద సిద్ధాంతం కట్టాడు. కథకు ఆ అర్థం ఉండొచ్చు. సమాధుల్లో మాత్రం అలా విడివిడిగా ఏమీ లేదు. పూజారిది అని గీత గీసి చూపించగల సమాధుల వరస లేదు. బాణపు ములుకులు రాజుకూ ఉన్నాయి, గొర్రెలు కాచేవాడికీ ఉన్నాయి, తువాలోని ఆ చిన్నపిల్లకూ ఉన్నాయి, కాబట్టి యోధులు విడి తరగతి అనడం కష్టం. ఆయుధమూ గిన్నే ఒకే దొర పక్కన, ఒకే గదిలో ఉంటాయి. నాగలిని మాత్రం ఏ పెద్ద సమాధిలోనూ పెట్టలేదు.